జ్యోతి ప్రజ్వలన తర్వాత లోపల ఏం జరిగిందంటే...

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ జిల్లా పేజీలో నెల్లూరులో ప్రజారోగ్య సదస్సు ప్రారంభమైందని నాలుగు కాలాల ఫొటో వేశారు. వేదిక మీద ఎవరెవరు కూర్చున్నారో, దీపం ఎవరు వెలిగించారో, శాలువా ఎవరికి కప్పారో పేరుపేరునా రాశారు. కొవ్వొత్తి అందిస్తున్న వాలంటీరు అమ్మాయి చెయ్యి కూడా ఫొటోలో పడింది. మర్నాడు వార్త లేదు. ముగింపు రోజున మళ్లీ ఒక ఫొటో, ఈసారి మెమెంటోలతో. ఆ రెండు ఫొటోల మధ్య ఆ హాళ్లలో ఏం మాట్లాడుకున్నారో ఒక్క వాక్యం కూడా రాలేదు. నేను ఆ సదస్సుకు వెళ్లాను. ఇలాంటి వాటికి వెళ్లడం నాకు ఇదే మొదటిసారి. మీరు వదిలేసినదాన్ని నేను రాసి పంపుతున్నాను. పొడుగైందనిపిస్తే ఎక్కడైనా కత్తిరించుకోండి, నీళ్లలోని ఫ్లోరైడ్ సంగతి మాత్రం ఉంచండి.

మాది ప్రకాశం జిల్లా దర్శి మండలంలో ఒక పల్లె. ఒంగోలులో బీఎస్సీ చేసి ఇప్పుడు ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో పీజీ, రెండో సంవత్సరం చదువుతున్నాను. మా బంధువుల్లో సగం మంది నేను డాక్టరు చదువుతున్నాననుకుంటారు. మిగతా సగం మంది ఈ చదువుకు ఏం ఉద్యోగం వస్తుందని మా నాన్నను అడుగుతుంటారు. మా అమ్మ ఆశా కార్యకర్త, ఆశాలను పెట్టిన కొత్తల్లోనే చేరింది. గర్భిణులు ఎవరు, ఏ పిల్లాడికి ఏ టీకా బాకీ ఉంది, ఎవరింట్లో దగ్గు రెండు వారాలు దాటినా ఆగడం లేదు, ఇవన్నీ ఉన్న రిజిస్టర్లు మా ఇంట్లో టీవీ పక్కనే ఉండేవి. నా చదువుకు మొదటి పుస్తకాలు అవే.

సదస్సు ఫీజులో విద్యార్థులకు రాయితీ ఇచ్చారు. రాయితీ పోగా కట్టినదే, మా అమ్మకు నెలకు వచ్చే 10,000 రూపాయల గౌరవ వేతనంలో దాదాపు మూడో వంతు. బస్సు చార్జీలు వేరే. పడకకు నెల్లూరులో చదువుకునే స్నేహితురాలి హాస్టల్ గది దొరికింది కాబట్టి సరిపోయింది. పోస్టరు ఖర్చు ఇంకోటి. పోస్టరంటే మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉండే ఫ్లెక్సీ. మనం చేసిన అధ్యయనమంతా దాని మీద రాసి, స్టాండుకు తగిలించి, పక్కన నిలబడాలి. ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక షాపుకు వెళ్తే అక్కడ మెషిన్ మీద ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ నడుస్తోంది. షాపు కుర్రాడు నా పెన్‌డ్రైవ్ పెట్టి ఫైలు తెరిచి, "ఇదేంది మేడమ్, ఫొటో ఇంత చిన్నదిగా ఉండాది? ఈ రాతంతా ఎవరు చదవతారు?" అన్నాడు. ఒక పట్టిక తీసేసి, ఫ్లోరైడ్ నీళ్లకు గార పట్టిన పళ్ల ఫొటో పెద్దది చెయ్యమని సలహా ఇచ్చాడు. మా గైడ్‌కు ఫోన్ చేసి అడిగి అలాగే చేయించాను. సదస్సులో నా పోస్టరు దగ్గర ఎవరైనా ఆగారంటే ఆ పళ్లు చూసే ఆగారు. రీసెర్చ్ మెథడాలజీ పేపర్లో ఇది ఎవరూ చెప్పలేదు.

మొదటి గంటంతా టెన్షనే. రిజిస్ట్రేషన్ కౌంటర్లో జనపనార సంచి, ప్యాడు, పెన్ను, మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. అక్కడ ఎవరైనా ముందు చూసేది కార్డునే, మొహాన్ని తర్వాత చూస్తారు. "పీజీనా అమ్మా?" అని ఒక పెద్దాయన అడిగితే "ఎంపీహెచ్ అండీ" అన్నాను. "ఓహో, నాన్ మెడికలా" అని తలూపి ముందుకు వెళ్లిపోయారు. అక్కడి లెక్కలు తర్వాత మెల్లగా అర్థమయ్యాయి. పీజీ డాక్టర్లకు పేపరో పోస్టరో సమర్పించాలన్న నిబంధనలు ఉంటాయి. డాక్టర్లకు ఇలాంటి సదస్సులకు హాజరైతే మెడికల్ కౌన్సిల్ క్రెడిట్ గంటలు ఇస్తుంది. నాలాంటి వాళ్లకు అవేవీ లేవు, కాబట్టి హాళ్లలో చివరిదాకా కూర్చున్నవాళ్లలో మేమే ఎక్కువ. సర్టిఫికెట్లు ఇస్తున్నారని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ రాగానే ఒక హాలు సగం ఖాళీ అయింది. లోపల పాపం ఒక అమ్మాయి రక్తహీనత మీద పేపరు చదువుతూనే ఉంది. మన రాష్ట్రంలో పదిమంది ఆడవాళ్లలో దాదాపు ఆరుగురికి రక్తం తక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిందని ఆమె అనేటప్పటికి ముందు వరసలో చైర్‌పర్సన్లు ఇద్దరు, వెనక మేం కొంతమందిమి.

ఒకే సమయంలో మూడు హాళ్లలో మూడు రకాల విషయాలు నడుస్తుంటాయి. మనిషికి ఎనిమిది నిమిషాలు. ఆరో నిమిషానికి ఒక గంట కొడతారు, ఎనిమిదికి ఇంకో గంట, ఆ పైన మైకు తీసుకుంటారు. ఇందులో బాగున్నవీ చాలా ఉన్నాయి, అది చెప్పకపోతే అన్యాయం. పాముకాటు మీద కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చిందని, 2030 నాటికి చావులను సగానికి తగ్గించాలన్నది లక్ష్యమని అక్కడే తెలిసింది. రాతిపొడి వల్ల వచ్చే సిలికోసిస్ గురించి ఒకాయన చెప్పినది ఇంకా చెవుల్లో ఉంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి తీసే మందు లేదు. ఆ జబ్బున్నవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ. చట్టం ప్రకారం దీన్ని గుర్తించిన డాక్టరు ప్రభుత్వానికి తెలియజేసి తీరాలి. చీమకుర్తి గ్రానైటు లారీలను చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని, ఈ చట్టం ఒకటుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. చీమకుర్తిలో రాయి కోసేవాళ్లలో ఎంతమందికి తెలుసో మీ విలేకరి కనుక్కుంటే బాగుంటుంది.

నాకు మింగుడు పడనిది ఒకటుంది. ప్రసంగం మొదలుపెట్టిన పెద్దల్లో చాలామంది 1854 నాటి లండన్‌కు వెళ్లి వచ్చారు. బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా, అది ఒక పంపు నీళ్ల వల్లే వస్తోందని డాక్టర్ జాన్ స్నో గీసి చూపిన మ్యాపు, ఆ చేతి పంపు పిడి తీయించడం. గొప్ప కథే, మాకు మొదటి సెమిస్టర్లో మొదటి పాఠం కూడా అదే. కాని అందరం కూర్చున్నది నెల్లూరులో. తాగే నీళ్లకూ జబ్బుకూ ముడి ఎక్కడుందో మన దేశంలో తేల్చిన కథల్లో ఒక పెద్ద కథ ఈ జిల్లాదే. 1937లో హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు 'ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్'లో మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ గురించి, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకూ ఎముకలకూ పట్టే జబ్బు గురించి రాశారు. మన దేశంలో మనుషులకు వచ్చిన ఈ జబ్బును ఫ్లోరోసిస్‌గా గుర్తించిన తొలి పరిశోధన అది. వాళ్లు చూసింది నెల్లూరు జిల్లా జనాన్ని. అప్పటి నెల్లూరు జిల్లాలో మా దర్శి, పొదిలి, కనిగిరి కూడా ఉన్నాయి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి ఇటు వచ్చాయి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. అంటే నెల్లూరువాళ్లూ మేమూ వేరే జిల్లాలుగా విడిపోకముందు పంచుకున్నది ఈ నీళ్లనే.

అక్కడితో ఆగలేదు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోతున్న పిల్లల గురించి 'లాన్సెట్'లో రాశారు. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి జిల్లాల్లో నెల్లూరు ఒకటి. ఇంత చరిత్ర ఉన్న చోట సదస్సు పెట్టి, ఆ 1937 గురించి ఎవరో ఒకరు సగం స్లైడు వేసి తిప్పేశారు. లండన్ పంపుకు మాత్రం బొమ్మలు, బాణాలు, యానిమేషన్!

భోజనాల గురించి కూడా ఒక మాట అంటాను, చిన్న విషయమే అయినా. నెల్లూరులో సదస్సు పెట్టి పనీర్ బటర్ మసాలా, వెజ్ మంచూరియా పెట్టారు. చేపల పులుసు లేదు సరే, కనీసం చారులోనైనా చింతపండు తగల్లేదు. చింతపండు ఊరికే అనడం లేదు. చింతపండు తిన్న పిల్లల్లో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని జాతీయ పోషకాహార సంస్థవాళ్లే 2002లో ప్రచురించారు. పులుసు తాగుతున్నాం కాబట్టి ఏ బోరు నీళ్లయినా ఫర్వాలేదని ఎవరూ అనుకోవద్దు. అది ఆసరా మాత్రమే, మంచి నీళ్లకు బదులు కాదు.

ఇక నా పోస్టరు. మా మండలంలో కొన్ని ఊళ్లు తీసుకుని, ఇళ్లలో నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు, హైస్కూలు పిల్లల పళ్లు ఎలా ఉన్నాయి, ఈ రెండింటికీ పొంతన ఏమిటి అన్నది నా అధ్యయనం. అంకెలు ఇక్కడ రాయను, ఇంకా మా గైడ్ దిద్దుతున్నారు. జడ్జీలు ఇద్దరు వచ్చారు. శాంపిల్ సైజు, అంటే ఎంతమందిని చూడాలన్న లెక్క, ఎలా తీశావు? ఫోర్ పీక్యూ బై ఎల్ స్క్వేర్ అని సూత్రం చెప్పాను. అందులో పీ, అంటే జబ్బు ఎంతమందిలో ఉండొచ్చన్న అంచనా, ఎక్కడి నుంచి తెచ్చావు? పాత అధ్యయనం పేరు చెప్పాను. పళ్ల మీద గార ఎంతుందో కొలిచే డీన్స్ ఇండెక్స్ ఎవరు వేశారు? డెంటల్ డాక్టరు అన్నాను. గుడ్, అని సంతకం పెట్టి పక్క స్టాండుకు వెళ్లిపోయారు. ఆ ప్రశ్నల కోసం నేను హాస్టల్లో అద్దం ముందు ఎంత ప్రాక్టీసు చేశానో!

నా పోస్టరులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన గడి ఒకటుంది. తాగడానికి ఏ నీళ్లు, వంటకు ఏ నీళ్లు అని విడివిడిగా అడిగాను. ఎందుకంటే మా ఊళ్లలో తాగడానికి వాటర్ ప్లాంటు నుంచి క్యాను తెచ్చుకుంటారు, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్లతోనే ఉడుకుతాయి. క్యాను నీళ్లు తాగుతున్నాం కాబట్టి మాకేం లేదని ధీమా. బియ్యం, పప్పు నీళ్లను పీల్చుకునే ఉడుకుతాయి కదా, ఆ నీళ్లతో ఫ్లోరైడూ లోపలికి పోతుంది. జడ్జీలు ఆ గడి చూడలేదు. చూసింది టీ కప్పులు తీసుకెళ్తున్న క్యాటరింగ్ ఆమె. ఉదయగిరి పక్కన వాళ్లదట. ట్రే స్టాండు మీద ఆనించి, "ఈ పళ్లు మా పక్క పిల్లలయ్యా?" అని అడిగింది. కాదు, దర్శి దగ్గరివని చెప్పి, వంట నీళ్ల సంగతి కూడా చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అన్నానికి, పప్పుకు, చారుకు, అన్నిటికీ క్యాను నీళ్లే పొయ్యాలంటే రోజుకు రెండు క్యాన్లు గావాలమ్మా. నాకొచ్చేది కూలి. ఎట్టా కుదురుద్ది?" అంది. నా పోస్టరు అడుగున 'సిఫార్సులు' అన్న చోట, వంటకు కూడా సురక్షితమైన నీటినే వాడాలి అని ఇంగ్లిషులో నీటుగా ఉంది. కూలి డబ్బుల్లో అది ఎలా కుదురుతుందో పోస్టరులో లేదు. పంచాయతీ కుళాయిలో మంచి నీళ్లు వస్తే తప్ప ఆమె ప్రశ్నకు సమాధానం లేదు, నేను ఏ పోస్టరు వేసినా సరే. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు, జల్ జీవన్ కుళాయిలు అని మేమంతా ఎదురుచూస్తున్నది అందుకే.

రెండో రోజు మధ్యాహ్నం ఒక పీజీ డాక్టరు పేపరు చదివారు. ప్రకాశం జిల్లాలోని ఒక గ్రామం, అని మొదలుపెట్టారు. ఊరి పేరు చెప్పరు, చెప్పకూడదు, అది పద్ధతి. కాని స్లైడు మీద ఓవర్‌హెడ్ ట్యాంకు పడగానే నాకు తెలిసిపోయింది. ట్యాంకు స్తంభాల మీద సగం చెరిగిన సిమెంటు కంపెనీ ప్రకటన, పక్కన వేపచెట్టు, దాని కింద మూతపడ్డ వాటర్ ప్లాంటు షెడ్డు. అది మా పక్క ఊరే. అక్కడి ఆశా నాకు పిన్ని వరస. ఆ సర్వేకు ఇల్లిల్లూ తిప్పి చూపించింది ఆమే.

సర్వే ఎలా జరిగిందో పిన్ని చెప్పగా నాకు తెలుసు. ఫ్లోరైడ్ ఎముకలకు పట్టిందో లేదో పల్లెలోనే తెలుసుకోవడానికి మూడు చిన్న పరీక్షలు ఉంటాయి. గడ్డాన్ని ఛాతీకి ఆనించాలి. చేతులు చాపి, మడిచి తల వెనక పెట్టుకోవాలి. మోకాళ్లు వంచకుండా కింద వేసిన రూపాయి బిళ్ల తియ్యాలి. రామాలయం అరుగు ముందు ఇది చేయిస్తుంటే ముసలివాళ్లకు మొదట్లో సరదాగా ఉందట. "తీసినోళ్లకే రూపాయా?" అని నవ్వుతూ వంగబోయి, నడుము సగంలోనే పట్టేసి, అలాగే గోడ పట్టుకుని లేచారట. తర్వాత అందరి దగ్గరా చిన్న మూత సీసాల్లో మూత్రం తీసుకున్నారు. పేరుకు బదులు నంబరు రాసిన స్టిక్కర్లు అంటించి, ఐసు పెట్టెలో సర్దుకుని జీపు ఎక్కారు. అప్పటి నుంచి పిన్ని కనబడితే చాలు, "మా సీసాలేమైనయ్యే?" అని అడగని ముసలమ్మ లేదు. పిన్ని ఏం చెబుతుంది? పైకి పంపారు, వస్తది అంటుంది.

ఆ సీసాలేమయ్యాయో నేను నెల్లూరులో ఏసీ హాల్లో కూర్చుని చూశాను. సగటు ఎంత, దానికి అటూ ఇటూ ఎంత తేడా, అది కాకతాళీయమా కాదా అని చూసే పీ వాల్యూ ఎంత, అన్నీ ఉన్నాయి. పని చాలా బాగా చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ అంకెలు వాళ్లవి కాబట్టి నేను ఇక్కడ రాయకూడదు. టీ విరామంలో ఆ డాక్టరు గారి దగ్గరికి వెళ్లి, "సార్, ఏమనుకోకండి, ఈ రిజల్టు ఆ ఊళ్లో చెప్పారా?" అని అడిగాను. ఆయన కోపగించుకోలేదు. థీసిస్ గడువు ముంచుకొచ్చిందని, తర్వాత పోస్టింగు మారిందని, వెళ్దామనే అనుకున్నానని అన్నారు. "ఎవరికి చెప్పాలో కూడా తెలియలేదమ్మా. సర్పంచికా, పీహెచ్‌సీ డాక్టరుకా, సచివాలయానికా?" అని నన్నే అడిగారు. ఆయన్ను తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల్లో పరిశోధన వల్ల కలిగే మేలు అందులో పాల్గొన్న జనానికి అందాలని ఉంది. పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టుకునేటప్పుడు మేమందరం దానికి సరేనని సంతకం పెడతాం. తిరిగి వెళ్లి చెప్పావా అని ఆ తర్వాత అడిగినవాళ్లు నాకైతే కనబడలేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. మన ఊళ్ల మీద చేసిన ఏ పేపరైనా సదస్సులో చదవడానికి తీసుకునే ముందు, దాని ఫలితం ఒక్క పేజీ తెలుగులో రాసి ఆ గ్రామ సచివాలయానికి ఇచ్చినట్టు రసీదు అడగండి. ఫీజు కట్టిన రసీదు అడుగుతున్నారు కదా, దాంతోపాటు ఇదీ అడగండి. రెండోది, సదస్సులో ఒక పూట తెలుగులో పెట్టి, ఫీజు లేకుండా ఆశాలను, ఏఎన్ఎంలను, విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో పనిచేసే వాళ్లను పిలవండి. సదస్సులో చదివిన అంకెల్లో సగం వాళ్లు చూపించిన ఇళ్ల నుంచి వచ్చినవే. ఆ మూడు హాళ్లలోనూ నాకు ఒక్క ఆశా చీర కూడా కనబడలేదు.

మీ పత్రిక చెయ్యగలిగిన పని కూడా ఒకటుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో తాగునీటి నమూనాలు పరీక్ష చేస్తూనే ఉంటారు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు, ఆ పైన తాగడానికి పనికిరాదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచితే పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కపడుతుంది. ఒక బోరులో బాగుండి పక్క బోరులో ఎక్కువ ఉండొచ్చు. పరీక్ష చేస్తే తప్ప ఎవరి కంటికీ తెలిసేది కాదు. శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, పిల్లలు ఏ నీళ్లు తాగారన్నదే తర్వాత వాళ్ల పళ్ల మీద కనబడుతుంది. అప్పుడు చేయగలిగింది తక్కువ, ఎముకలకు పట్టాక ఇంకా తక్కువ. అందుకే ఏ ఊళ్లో ఏ బోరుకు అంకె ఎంత వచ్చిందో మండలాల వారీగా వారానికోసారి మీ జిల్లా పేజీలో వేయండి. బంగారం ధర, మిర్చి ధర, సాగర్ కుడి కాలువకు ఎన్ని క్యూసెక్కులు వదిలారో రోజూ వేస్తున్నారు. ఆ పక్కనే ఒక చిన్న పెట్టె చాలు. ఏ బోరు పనికిరాదో తెలిస్తే దాని పంపుకు ఎర్ర రంగు వేసే పని ఊళ్లోవాళ్లే చేసుకుంటారు.

మా వంతుగా మేమొకటి అనుకున్నాం. నా పోస్టరులో ఉన్న సంగతులు తెలుగులో రాసుకుని మా ఊరి సచివాలయం దగ్గర చెప్పబోతున్నాను. పిన్నివాళ్ల ఊరి ఫలితాలు చెప్పడానికి వీలు చూసుకుని వస్తానని ఆ డాక్టరు గారు కూడా ఫోన్‌లో ఒప్పుకున్నారు. మా గైడ్ సరేనన్నారు. పంచాయతీ కార్యదర్శి మైకు ఇప్పిస్తానన్నారు, ఆ టైముకు కరెంటు ఉంటే. నేను పొద్దున పదింటికి పెట్టాను. ఆ వేళకు ఊళ్లో ఉండేది పిల్లలూ ముసలివాళ్లే, వంటకు ఏ నీళ్లు పొయ్యాలో నిర్ణయించే ఆడవాళ్లంతా మిరప చేలల్లో ఉంటారు, సాయంత్రం కూడా ఇంకోసారి చెప్పాల్సిందేనని మా అమ్మ పట్టుబట్టింది. కాబట్టి రెండు పూటలా ఉంటుంది. మీ దర్శి విలేకరికి తేదీ విడిగా తెలియజేస్తాను.

ఇట్లు,
ఒక ఎంపీహెచ్ విద్యార్థిని,
దర్శి మండలం, ప్రకాశం జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)